ఎవరికి కాల్?

రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో చివరి వరసనున్న ఆ ఖాళీ క్వార్టరు ముందు, చీకటి పడ్డాక ఎవరూ సైకిలు దిగరు. ఒకప్పుడు అందులో కాల్‌మేన్ నూకయ్య ఉండేవాడు. ఫోన్లు లేని రోజుల్లో ఏ రైలు డ్రైవరుకి ఏ బండి పడిందో ఖాకీ చొక్కాతో సైకిలు మీద ఇంటికెళ్లి, తలుపు కొట్టి, ఆ డ్యూటీ కబురు — అదే 'కాల్' — చెప్పి రావడం ఆయన పని. సెల్‌ఫోన్లొచ్చి ఆ పని కాస్తా పోయింది. ఆ బెంగతోనే ఆయనా పోనాడు. పోయినోడు ఊరుకున్నాడా? ఇప్పటికీ రాత్రిళ్లు సైకిలు గొలుసు చప్పుడు వినబడతాదంటారు...

గిరిబాబుకి జరిగింది చెప్తాను. ఇండస్ట్రియల్ పార్కులో వెల్డరు, ఇల్లు ఆ క్వార్టర్ల పక్కనే. ఎదురుగా మనిషుంటే గలగలా మాట్లాడతాడు. చెవికి ఫోను ఆనించినాడో — అయిపోయింది! నాలుక పిడచకట్టుకుపోద్ది. అవతలోడి మొహం కనబడదు, వాడేటనుకుంటన్నాడో తెలీదు. మాటలు ముందే కాగితం మీద రాసుకుని చూసినాడు. అద్దం ముందు నిలబడి చూసినాడు. ఊహూఁ. ఇంటికొచ్చే ఫోన్లన్నీ పెళ్లాం శ్రావణే మాట్లాడేది. నవ్వకండి, పడ్డోడికే తెలుస్తాది ఆ బాధ.

మొన్న వానాకాలంలో శ్రావణి పుట్టింటికెళ్లింది. రాత్రి తొమ్మిదింటికి గిరిబాబు తల్లి సింహాచలమ్మకి ఆయాసం ఎత్తుకుంది. పెదాలు నల్లబడిపోతన్నాయి. చుట్టుపక్కల క్వార్టర్లన్నీ పాడుబడ్డాయని ఎప్పుడో ఖాళీ చేయించీసినారు. పిలిస్తే పలికే దిక్కు లేదు. ఫోనులో ఆటో తోలే హెన్రీ నంబరుంది — దాదా దాదా అని వాడు అన్నలా పిలుచుకునే మనిషి. నొక్కితే చాలు... వేలు కదల్లేదు. మెసేజ్ పెట్టినాడు. హెన్రీ చూళ్లేదు.

"ఫోన్ సెయ్‌రా నాయనా..." అంది తల్లి.

"ఛీ, ఏటి బతుకు నాది!" అని ఏడుస్తూ బయటికి పరిగెత్తినాడు. హెన్రీ ఇంటికి దగ్గర దారి ఆ క్వార్టరు ముందు నుంచే. నమ్మండి — దెయ్యం కంటే వాడికి ఆ ఫోనంటేనే ఎక్కువ భయం.

క్వార్టరు ముందుకొచ్చేసరికి... కిర్రు కిర్రుమని గొలుసు చప్పుడు. ఆగింది.

"ఎవరికి కాల్?"

ముసలి గొంతు. చీకట్లో ఖాకీ చొక్కా ఒక్కటే తెలుస్తోంది. గిరిబాబు రెండడుగులు వెనక్కేసినాడు. అయినా మనిషన్నవాడు ఎదురుగా ఉన్నాడు కదా — మాటలు వాటంతటవే వచ్చీసినాయి.

"హెన్రీ దాదాకి! మా అమ్మకి ఊపిరాడ్డం లేదు. ఆటో తెమ్మను తాతా..."

"నాను సెప్తాను. నువ్వెల్లి అమ్మ కాడుండు."

వెనక్కి పరిగెత్తి ఇల్లు చేరేసరికి — గుమ్మంలో ఆటో!

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టినారు. తెల్లవారుతుంటే సింహాచలమ్మ కళ్లు తెరిచింది. హెన్రీ టీ తెచ్చినాడు. గిరిబాబు అతని చెయ్యి పట్టుకున్నాడు.

"ఆ ముసలాయన వచ్చి సెప్పకపోతే ఏటయిపోయేదో దాదా..."

"ఏ ముసలాయన? నువ్వే కదా ఫోన్ సేసినావు!" హెన్రీ తన ఫోను చూపించినాడు. గిరిబాబు పేరే. తొమ్మిదీ పన్నెండు. "ఒక్క తడబాటు లేదు. ఎంత బాగా సెప్పినావురా!"

గిరిబాబు గుండె పొంగిపోయింది. నానే మాటాడినానా? ఆ కంగారులో నాకే తెలీకుండా? ముప్పై ఏళ్ల బతుకులో మొదటిసారి! కళ్లనీళ్లు తిరిగినాయి. తన ఫోనులో కూడా చూసుకుందామని జేబు తడుముకున్నాడు. లేదు. రెండో జేబు... అదీ ఖాళీయే.

"ఫోను నా పక్కలోనే పడీసి పోనావు కదరా," అంది సింహాచలమ్మ నీరసంగా.

"మరి... ఎవరు సేసినారమ్మా?"

"నువ్వటెల్లినాక ఒకాయన తలుపు కొట్టి లోనకొచ్చినాడు. ఖాకీ చొక్కా. ఫోనట్టుకుని — అచ్చం నీ గొంతుతోనే మాటాడినాడు." ఆవిడ ఊపిరి తీసుకోడానికి ఆగింది. "మంచోడేరా... పోతా పోతా నాతో అన్నాడు. 'ఇంక నుంచి మీవోడి ఫోన్లన్నీ నానే సూసుకుంటాన్లే' అని."