మిల్లు గోదాంలో ముప్పైఏడో మోటారు

రాత్రి పదకొండు గంటల పది నిమిషాలకు కరుణ టిఫిన్ డబ్బా కడిగి కిటికీలో బోర్లించింది. చేతులు తుడుచుకుని మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చుంది. 2024 అక్టోబరు 16, బుధవారం. దసరా వెళ్లి నాలుగు రోజులు.

ఆమె కూర్చున్న చోటికి మంచి పేరు లేదు.

చిట్యాల శివారులో హైవే పక్కన ఉన్న ఆ కట్టడం ఒకప్పుడు జిన్నింగ్ మిల్లు. అది నడిచిన రోజుల్లో ఒక మధ్యాహ్నం గోదాంలో పత్తి కుప్ప జారి, అమృతమ్మ అనే కూలీ మీద పడింది. ఎవరూ చూడలేదు. సాయంత్రం మేస్త్రీ హాజరు పిలిచాడు. అమృతమ్మ పేరు పిలిచినప్పుడు ‘ఊఁ’ అని ఎవరో పలికారు. పలికింది కాబట్టి వెతకలేదు. మూడో రోజు కుప్ప తీశాక ఆమె దొరికింది. ప్రాణం పోయింది మొదటి రోజు మధ్యాహ్నమేనని దవాఖానలో చెప్పారు.

మరి సాయంత్రం పలికింది ఎవరు?

ఆ తర్వాత చీకటి పడ్డాక ఆ గోదాంలో ఎవరూ ఎవరినీ పేరు పెట్టి పిలవలేదు. పదమూడేళ్ల కింద మిల్లు మూతపడింది. మూడేళ్ల కింద ముందు గదుల్లోకి ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ వచ్చింది. గోదాం గోడలు మందం, లోపల చల్లగా ఉంటుందని సర్వర్లు అక్కడ పెట్టారు.

కంపెనీ పని, ఊళ్లలో మంచినీటి మోటార్లను దూరం నుంచి నడిపే సాఫ్ట్‌వేర్ తయారు చేయడం. దాన్ని పరీక్షించడానికి వాళ్లకు సొంత క్లౌడ్ ఉంది. అంటే గోదాంలో నాలుగు అసలు యంత్రాలు, వాటి లోపల సాఫ్ట్‌వేర్‌తో పుట్టించిన వందల యంత్రాలు. పుట్టించిన యంత్రాలను పుట్టించిన తీగలతో కలపాలి. ఆ వర్చువల్ నెట్‌వర్క్ కట్టడమే మోత్కూర్ నుంచి వచ్చిన కరుణ ఉద్యోగం.

“లేని మిషన్లకు లేని తీగలా?” అన్నాడు వాచ్‌మన్ సైదులు, గుమ్మంలో కుర్చీ వేసుకుంటూ. “మరి జీతమన్న ఉన్నదిస్తున్నరా బిడ్డా?”

“ఈ నెల దాంక ఇస్తరు కాకా. గీ పని అయితేనే వచ్చే నెల.”

నవ్వుతూనే అన్నది గాని, అది నిజం. పొద్దున తొమ్మిదికి హైదరాబాద్ నుంచి మనుషులు వస్తున్నారు. నలభై ఊళ్ల పని ఈ కంపెనీకి ఇవ్వాలో వద్దో వాళ్లు తేలుస్తారు. ఈ రాత్రి ఒంటిగంటన్నరకు పరీక్ష దానంతటదే మొదలవుతుంది. నలభై ఉత్తుత్తి మోటార్లకు ‘నడువు’ అని ఆదేశం వెళ్తుంది. అవి అరగంట నడవాలి. నడిస్తే కరుణ కాంట్రాక్టు మీద సంతకం పడుతుంది.

పన్నెండుకు ఇరవై నిమిషాల ముందు ముప్పైఆరు మోటార్లు సిద్ధమయ్యాయి. ప్రతి మోటారుకూ ఒక చిరునామా, ఒక నంబరు. కొత్తది పెట్టేముందు ఆ చిరునామాను పిలిచి చూడటం ఆమెకు అలవాటు. ఖాళీగా ఉంటే ఏదీ పలకదు.

ముప్పైఏడును పిలిచింది.

ఒకటి... జవాబు లేదు.

రెండు... లేదు.

మూడోసారి — పలికింది.

కరుణ కుర్చీ దగ్గరికి లాక్కుంది. ముప్పైఏడును తాను ఇంకా పుట్టించలేదు. జాబితాలో లేదు. నాలుగు సర్వర్లలో ఎక్కడా లేదు.

నెట్‌వర్క్ మొత్తం చెరిపేసింది. వేరే పేరుతో మొదటి నుంచీ కట్టింది. ముప్పైఆరు యంత్రాలను మళ్లీ లేపింది. నలభై నిమిషాలు పట్టింది.

మళ్లీ పిలిచింది. ఒకటి... రెండు...

మూడోసారి పలికింది.

గోదాం తలుపు వెనక సర్వర్ల ఫ్యాన్లు ఒక్కసారి గట్టిగా తిరిగి, నెమ్మదించాయి. కరుణ ఆ తలుపు వైపు చూడలేదు. ఫోన్ తీసి తన పై అధికారి సురేశ్‌కు కలిపింది.

“సార్, ముప్పైఏడుల ఎవలో ఉన్నరు.”

“ఎవలో ఉన్నరేంది? మిషనా, మనిషా?”

“తెలుస్తలేదు సార్. నేను పెట్టలే. కని పలుకుతాంది.”

నిద్రలోంచి లేచిన మనిషి నిట్టూర్పు వినిపించింది. “పలుకుతాంది కద కరుణా? స్క్రీన్ మీద నలభై పచ్చగ కనపడుతయా లేదా?”

“కనపడుతయి సార్. కని అది...”

“ఎవలు పెడితే ఏంది? ఎన్నడో పరీక్షకు పెట్టి మరిచిపోయుంటరు. ఇడిసెయ్. నీ కాయితం నా టేబుల్ మీదనే ఉంది. పొద్దున సంతకం పెడుత. పరేషాన్ గాకు.”

ఆయన ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేస్తే స్విచాఫ్.

ముప్పైఎనిమిది, ముప్పైతొమ్మిది, నలభై. మూడూ పెట్టేసింది. స్క్రీన్ మీద నలభై చుక్కలు పచ్చగా వెలిగాయి. వాటిలో ఒకటి ఆమెది కాదు. చూడటానికి మాత్రం అన్నీ ఒక్కలాగే ఉన్నాయి.

ఒంటిగంటా పదిహేడు. వదిలేస్తే పని అయిపోయినట్టే. కరుణ వదిలేయలేకపోయింది. మళ్లీ పిలిచింది.

“ఎవలను పిలుస్తున్నవ్ బిడ్డా, గీ యాళప్పుడు?” సైదులు గొంతు తగ్గించి అడిగాడు. ఎప్పుడు వచ్చాడో, ఆమె కుర్చీ వెనక నిలబడి ఉన్నాడు.

“లేనోళ్లను.”

“పలుకుతున్నరా?”

“పలుకుతున్నరు.”

ఆయన టార్చి ఆర్పేశాడు. “మొదటి పిలుపుకేనా?”

“కాదు. మూడో పిలుపుకు. ప్రతిసారి అంతే.”

సైదులు మెల్లగా, “అయితే అది దెయ్యం గాదు” అన్నాడు. “రాత్రి పూట పిలిచేది దెయ్యమో ఏందో అని, మొదటి రెండు పిలుపులకు మనిషైనోడు పలుకడు. మా అవ్వ గట్లనే నేర్పింది. మూడోసారి పిలిస్తెనే పలుకాలె. గాడ ఎవలో మనిషే బిడ్డా.”

కరుణ నవ్వబోయి ఆగిపోయింది.

మిగతా ముప్పైతొమ్మిది ఉత్తుత్తి మోటార్లు మొదటి పిలుపుకే పలుకుతాయి. అవి గోడ అవతలే ఉన్నాయి. మొదటి రెండు పిలుపులు ఎప్పుడు పోతాయి? అవతలి యంత్రం దూరంగా, ఫోన్ సిమ్ము మీద నడుస్తూ, నిద్రపోతున్నప్పుడు. మొదటి పిలుపుకు దానికి మెలకువ వస్తుంది. మూడోదానికి పలుకుతుంది.

అలాంటిది కంపెనీకి ఒక్కటే ఉంది. కోస్గి దగ్గర ఒక ఊళ్లో ప్రయోగానికని బిగించిన డబ్బా. దాని కింద నిజమైన మోటారు, నిజమైన కరెంటు. అది అసలు నెట్‌వర్క్‌లో ఉండాలి. పరీక్ష నెట్‌వర్క్‌లోకి ఎలా వచ్చిందో ఆమెకు అర్థం కాలేదు. కానీ పది నిమిషాల్లో ఆ మోటారుకు కూడా ‘నడువు’ అని ఆదేశం వెళ్తుంది. ఆ పక్కన ఎవరు నిద్రపోతున్నారో, ఎవరు ఏ తీగ పట్టుకుని ఉన్నారో... చిట్యాలలో కూర్చుని ఎలా తెలుస్తుంది?

పరీక్ష ఆపమని నొక్కింది. నలభై నిండాక ఆపాలన్నా, చెరపాలన్నా పై అధికారి అనుమతి కావాలని స్క్రీన్ అడిగింది. సురేశ్‌కు మళ్లీ కలిపింది. స్విచాఫ్. ఇంకోసారి. స్విచాఫ్.

ఒంటిగంటా ఇరవై ఎనిమిది.

“కాకా, గోదాం తాళం!”

“ఇప్పుడా?”

“ఇప్పుడే!”

సైదులు తాళం తీశాడు గాని గడప దాటలేదు. అక్కడే నిలబడి టార్చి వేశాడు. కరుణ లోపలికి వెళ్లింది. చల్లగాలిలో వాడిపోయిన బంతిపూల వాసన. సర్వర్ల బీరువాకు దసరా దండ ఇంకా వేలాడుతోంది. ఇనుము మీద పసుపు, కుంకుమ బొట్లు.

బీరువా వెనక్కి వెళ్లి చూసింది. ఎర్ర తీగలు అసలు నెట్‌వర్క్‌వి, నీలి తీగలు పరీక్షవి. టార్చి వెలుగు అక్కడిదాకా సరిగ్గా రావడం లేదు. దండ దారం తీగల మధ్యలోంచి తీసి ముడేశారు. వేళ్లతో ఆ దారం వెంబడి తడిమింది. ఎర్ర తీగల వరుసలో... ఒక నీలి తీగ.

ఫ్యాన్లు హోరుమన్నాయి. పరీక్ష మొదలైంది.

గుమ్మం దగ్గర సైదులుకు ఆమె కనిపించలేదు. భయంలో ఆయన చేయకూడని పని చేశాడు. పేరు పెట్టి పిలిచాడు.

“కరుణా...”

‘ఊఁ’ అని వినిపించిందని సైదులు ఈ రోజుకూ చెబుతాడు. కరుణ మాత్రం తాను పలకలేదంటుంది. ఆ క్షణంలో దారం తెగక, దాన్ని పళ్లతో కొరుకుతున్నానని అంటుంది.

తీగ ఊడి చేతికొచ్చింది. ఒంటిగంటా ముప్పై నిమిషాల తొమ్మిది సెకన్లని ఆ తర్వాత రికార్డులో చూశారు. ఇటు నుంచి సంబంధం తెగితే మరో పది సెకన్లకు మోటారు తనంతట తాను ఆగిపోయేలా ఆ డబ్బాను తయారుచేశారు.

పొద్దున స్క్రీన్ మీద నలభైకి ముప్పైతొమ్మిది పచ్చగా ఉన్నాయి. ఒకటి ఎర్రగా ఉంది. వచ్చినవాళ్లు ఎర్రచుక్క గురించే గంటసేపు అడిగి వెళ్లిపోయారు. సురేశ్ తలుపు వేసి కరుణను నిలబెట్టి తిట్టాడు. తర్వాత గోదాంలోకి వెళ్లి తీగలు చూసి, బయటికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. ఆయుధపూజ నాడు దండ కట్టడానికి సందు లేక నాలుగు తీగలు ఊడదీసింది ఆయనే. బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, తీగలు మళ్లీ గుచ్చిందీ ఆయనే.

“దసరా నాడు చేసిన కదా కరుణా... మంచిగనే పెట్టిన అనుకున్న” అన్నాడు. ఆ మాట రెండుసార్లు అన్నాడు. కాంట్రాక్టు కాయితం మాత్రం ఆ రోజు టేబుల్ మీదే ఉండిపోయింది.

అక్కడికి అంతా తేలిపోయిందనుకున్నారు. వాడిన దండ, తప్పు సందులో ఒక తీగ. నష్టం ఏమైనా ఉంటే అది కరుణ ఉద్యోగానికే.

నాలుగు రోజుల తర్వాత, సోమవారం, టెక్నీషియన్ గిరి ఆ డబ్బాకు ఉన్న ముప్పైఏడో చిరునామా మార్చడానికి కోస్గి వైపు వెళ్లాడు. ఊరి నీళ్ల పని చూసే పర్వతాలు అతన్ని సంపు దగ్గరికి తీసుకెళ్లాడు. భూమి లోపల పన్నెండడుగుల లోతు కట్టిన తొట్టి. పైన ఒక మనిషి పట్టేంత మూత.

“పగలు కడిగితే నీళ్లు బందయితయి, ఊరు ఊరుకోదు” అన్నాడు పర్వతాలు. “అందుకే బుధవారం రాత్రి ఒంటిగంటకు చీపురు, బ్లీచింగు పట్టుకొని దిగిన. ఫోన్ల చూస్తే మోటర్ బంద్ అని ఉండె. ఫ్యూజులు ఎందుకు తియ్యాలె అనుకున్న.”

ఒంటిగంటన్నరకు పైపులోంచి నీళ్లు ఒక్కసారిగా ఆయన వీపు మీద పడ్డాయి. ఆ ఊపుకు నిచ్చెన జారి విరిగింది. లైటు నీళ్లలో పడి ఆరిపోయింది. నీళ్లు కాలివేళ్ల మీదికి వచ్చి ఆగాయి.

అరగంట నడవాల్సిన మోటారుకు ఆ సంపు నింపడానికి పదకొండు నిమిషాలు చాలని గిరి లెక్కగట్టాడు; పర్వతాలుకు ఈత రాదు. పర్వతాలు భార్య గుర్వమ్మ వెతుక్కుంటూ వచ్చి, పై నుంచి తాడు అందించింది తెల్లవారుజామున నాలుగున్నరకు.