ఎర్రటి మొప్పలు

ఏలూరులో డిటెక్టివ్ సత్యవేణి ఆఫీసు తలుపు సగం తెరిచిందో లేదో, ఇందుజ లోపలికి వచ్చిపడింది. కూర్చోమంటే కూర్చోదు, మంచినీళ్ళిస్తే తాగదు.

"పొద్దున ల్యాబు తెరిచేసరికి పొడి సీసా లేదండీ! సోడియం బ్యాటరీలో ద్రవం బదులు వాడే పొడి. నేనే తయారుచేశాను. మధ్యాహ్నం కంపెనీ పెద్దలు చూడ్డానికొస్తున్నారు. తాళం ఒకటి నా దగ్గర, ఒకటి ఆఫీసులో ఉంటాయి. నేనే అమ్ముకున్నానంటున్నారండీ. ఈ నింద పడితే ఇంకే ల్యాబూ నన్ను గడప తొక్కనివ్వదు."

"అందులో ఏముంటాయమ్మా?"

"సోడియం, భాస్వరం, గంధకం. తేమ తగిలితే పాడైపోతుందండీ."

సత్యవేణి అప్పటికే చెప్పులు వేసుకుంటోంది. ఆమె కాకి తెల్లగా ఉందన్నా తలూపే అసిస్టెంటు ఉదయ్ కిరణ్ కారు తీశాడు.

తాడేపల్లిగూడెం ల్యాబు గేటు దగ్గర వాచ్‌మన్ ముసలయ్య ఒట్టేసి చెప్పాడు. "ఎవరి సంచీ వెతక్కుండా వదల్లేదండీ."

లోపల తోటి సైంటిస్టు ఫణికిరణ్ నేలచూపులు చూస్తూ, "ఇందుజ గారు మంచివారేనండీ. కానీ తాళం ఆవిడ దగ్గరే కదండీ" అన్నాడు. వీడే దొంగ అని ఉదయ్ మనసులో తీర్పు చెప్పేశాడు. పాపం, అతని తీర్పులు ఎప్పుడూ తొందరగానే వస్తాయి.

మేనేజరు రాంబాబుది కొల్లేటి చేపల చెరువుల కుటుంబం. వేలి ఉంగరం తిప్పుతూ నిలబడ్డాడు. వెండి ఉంగరమే, నల్లగా మాడినట్టుంది.

"చెరువులో మందు చల్లానండీ" అన్నాడు, అడక్కుండానే.

పెరట్లో వంటమనిషి అచ్చమ్మ ఒక ఐసు పెట్టె ముందు ముక్కు మూసుకుని చిందులు తొక్కుతోంది. అతిథుల భోజనానికని మేనేజరు తెల్లారే దించుకున్న చేపల పెట్టె అది.

"కుళ్ళిన చేపలండీ! మేనేజరు గారు వెనక్కి పంపేయమన్నారు. వ్యాను వచ్చేస్తోంది."

సత్యవేణి ఒక చేప మొప్ప ఎత్తి చూసింది. ఎర్రగా ఉంది. వెంటనే అందరినీ పెరట్లోకి పిలిపించింది.

"చేప తాజాగా ఉంది. మరి ఈ కంపెక్కడిది? గంధకం కలిసిన ఆ పొడికి తేమ తగిలితే కుళ్ళిన గుడ్డు వాసనే వస్తుంది. వెండిని నల్లబరిచేదీ ఆ వాయువే. రాంబాబు గారూ, ఆఫీసు తాళంతో సీసా తీశారు. మూత విప్పి చూశారు, మళ్ళీ గట్టిగా బిగించలేదు. ముసలయ్య సంచులు వెతుకుతాడు గానీ చేపల పెట్టె వెతకడు. మీ ఇంట్లో పాడయ్యేది ఏదైనా ఐసులోనే పెడతారు. ఈ సీసానీ అలాగే పెట్టారు, ఐసు కరిగి లోపలికి దిగింది."

ఉదయ్ పెట్టె బోర్లించాడు. ఐసు అడుగున సీసా దొరికింది. లోపల పొడి లేదు, బురద నీళ్ళున్నాయి.

రాంబాబు ఉంగరం తిప్పడం ఆపేశాడు. "వేరే కంపెనీవాళ్ళు అడిగారండీ. పాడవకూడదనే ఐసులో పెట్టానండీ!"

ఇందుజ సీసా చేతిలోకి తీసుకుంది.

"పొడి దక్కలేదమ్మా" అంది సత్యవేణి మెల్లగా.

"పోనీండి. చేసింది నేనేగా, మళ్ళీ చేస్తాను. తీసింది నేను కాదని మాత్రం ఆ వచ్చేవాళ్ళకి చెప్పండి."

అని పెరటి మెట్టు మీద కూర్చుంది. ఫణికిరణ్ తలెత్తలేక గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి అందించాడు. ఇందుజ అతని ముఖం వైపు ఒకసారి చూసి, గ్లాసు తీసుకుని గటగటా తాగేసింది.