మేధావిని కాదండీ!

"వెళ్ళండి... వెళ్ళండి... ఇప్పుడెందుకు ఆపారు?"

నాలుగు రోడ్ల కూడలి నట్టనడుమ కారు ఆగిపోయింది. వెనక హారన్లు ఒక్కసారిగా గొంతెత్తాయి.

"మనం వెళ్ళాం కదండీ," అన్నాడు స్టీరింగును రెండు చేతులా కావలించుకున్న యువకుడు. "ఇప్పుడు వాళ్ళ వంతు."

పక్క సీట్లోని డ్రైవింగ్ టీచరు అతణ్ణి ఎగాదిగా చూసింది. తండ్రి నడిపే డ్రైవింగ్ స్కూల్లో ఆమె ఎందరెందరికో నేర్పింది. బ్రేకు అనుకొని యాక్సిలరేటరు తొక్కినవాళ్ళున్నారు, లారీ ఎదురైతే కళ్ళు మూసుకున్నవాళ్ళున్నారు. కాస్త ముందుకు జరిగి, ఎదుటివాడి ఎత్తు కోసం మర్యాదగా ఎదురుచూసినవాణ్ణి చూడటం మాత్రం ఇదే మొదలు.

"ఇదేమన్నా చదరంగమా?"

"అలవాటండీ," అన్నాడతను సిగ్గుపడుతూ.

ట్రాఫిక్ పోలీసు ఉరిమి చూస్తూ వచ్చి కిటికీలోంచి తొంగిచూశాడు. మరుక్షణం అతని మొహం విప్పారింది.

"మీరా సార్! మొన్న పేపర్లో ఫోటో చూశాను. చెస్ ఛాంపియన్! ఏదో పెద్ద ఆలోచనలో పడి ఆగిపోయుంటారు. మేధావులంతే!"

అని తానే అడ్డంగా నిలబడి దారి ఇప్పించాడు.

"మేధావి గారూ, ఫస్ట్ గేరు," అంది టీచరు. పెదవి కొరుక్కున్నా నవ్వు ఆగలేదు. ఆ నవ్వు కోసం ఛాంపియన్ ఇంకో రెండు కూడళ్ళలో తిట్లు తినడానికైనా సిద్ధపడ్డాడు.

నెల తిరిగేసరికి అతనికి రివర్సు రాలేదు గానీ, క్లాసు లేని రోజున పొద్దు పోవడం మానేసింది.

ఒకనాడు కారులో ఉండగానే జోరున వాన అందుకుంది. అనుభవం లేనివాడి చేతిలో బండి ఎందుకని ఆమె పక్కకు తీయించి ఆపించింది. అద్దాలు మసకబారాయి. ఊరంతా ఎటో వెళ్ళిపోయి, ఇద్దరికీ సరిపడా ఒక చిన్న గది మిగిలినట్టయింది.

"ఒకటి అడగనా?"

"క్లచ్ గురించైతే రేపు."

"పెళ్ళి గురించి."

ఆమె అద్దం మీద వేలితో ఒక గీత గీసి, అరచేత్తో తుడిచేసింది.

"మీరంటే ఇష్టమే. కానీ వద్దు."

"ఈ రెండు మాటలకీ మధ్య ఏం అడ్డొచ్చిందండీ?"

"మీ తెలివి," అందామె. "నేను పదో తరగతి లెక్కలు మూడోసారికి గట్టెక్కాను. మా అన్నయ్యలిద్దరూ పెద్ద చదువులు చదివారు. ఇంట్లో వాళ్ళు మాట్లాడుతుంటే ఒక్క ముక్క అర్థం కాదు. అయినా అన్నీ తెలిసినట్టు నవ్వుతూ కూర్చుంటాను. ఇన్నేళ్ళుగా అదే పని. పెళ్ళయ్యాక మీ ముందు కూడా అలా కూర్చోవాలంటే నా వల్ల కాదు."

"నేనా తెలివైనవాణ్ణి? ఎవరన్నారండీ?"

"ఊరంతా అంటోంది."

మర్నాటి నుంచి ఛాంపియన్ తన తెలివితక్కువతనాన్ని రుజువు చేసుకునే పనిలో పడ్డాడు. కారును పార్కు కంచెలోకి పోనిచ్చాడు. అది కావాలని చేసింది కాదు గానీ, తోటమాలి మాత్రం "పాపం, మెదడు ఎక్కడో ఉంది," అని జాలిపడ్డాడు. ఇలా లాభం లేదని మాటల్లోకి దిగాడు.

"పదిహేడు ఎనిమిదులు ఎంతో నన్నడగండి."

"ఎంత?"

అతను వేళ్ళు మడిచాడు, పెదాలు కదిపాడు. "నూట... ఇరవై?"

"నూట ముప్ఫై ఆరు," అని టక్కున చెప్పిన ఆమె మొహం అంతలోనే మాడిపోయింది. "నాకే వచ్చింది మీకు రాదా? నా కోసం నటిస్తున్నారు! తెలివైనవాళ్ళ పక్కన కూర్చోలేనని చెప్తే, జాలిపడేవాళ్ళ పక్కన కూర్చోమంటారా?"

"నటన కాదండీ, నిజంగానే—"

"రేపట్నుంచి మీకు నాన్న నేర్పుతారు."

అన్నట్టే మర్నాడు ఆ సీట్లో ఆమె తండ్రి కూర్చున్నాడు. పెద్దాయన మంచివాడు. గేరు గరగరలాడినా కోప్పడేవాడు కాదు. వారం గడవకుండానే శిష్యుడి మీద ప్రేమ పొంగి, "ఆదివారం భోజనానికి రా బాబూ. మా అబ్బాయిలకి నీలాంటి మేధావితో మాట్లాడాలని ఒకటే సరదా," అని పిలిచాడు.

ఆదివారం భోజనాల బల్ల దగ్గర పెద్దన్నయ్య అందుకున్నాడు. అతను ఒక ఫైనాన్సు కంపెనీలో అధికారి.

"వడ్డీ రేట్లు పెరిగాయంటే బాండ్ల ధరలు పడిపోతాయి. అందుకే ఇప్పుడు... మీకు నేను చెప్పాలా! మీ మెదడుకి ఇదో లెక్కా?"

చిన్నన్నయ్య తలాడించాడు. నీళ్ళు పోస్తున్న చెల్లెలు చిరునవ్వు తగిలించుకుని నిలబడింది. ఛాంపియన్ ఆ నవ్వును చూశాడు. కూడలిలో తను విన్న నవ్వు అది కాదు.

ఇలాంటి చోట్ల అతను ఇన్నాళ్ళూ "చూడాలి" అని గంభీరంగా ఒక మాట అనేవాడు. దాన్నే జనం లోతు అనుకునేవారు.

"నాకు అర్థం కాలేదండీ," అన్నాడు.

బల్ల చుట్టూ నవ్వులు.

"జోకు కాదండీ. వడ్డీ పెరిగితే ధరెందుకు తగ్గుతుంది? నాకు లెక్కలు రావు. చెస్ ఆడతాడు కదా అని ఆఫీసులో నన్ను అకౌంట్స్‌లో వేశారు. ఎన్నిసార్లు కూడినా ఒకటే మొత్తం రాకపోతే ఎంక్వయిరీ కౌంటరుకి మార్చారు."

"మరి పేపర్లో మీకు అమోఘమైన మేధస్సు అని రాశారే?" అన్నాడు చిన్నన్నయ్య.

"రాసేముందు వాళ్ళు నన్నడగలేదండీ. చిన్నప్పట్నుంచీ ఆ అరవై నాలుగు గళ్ళే చూస్తున్నాను. చూసి చూసి ఆ ఒక్క చోట దారి తెలుస్తుంది. చెస్ బల్ల దగ్గర్నుంచి లేచానంటే నేను మీ అందరికంటే కాస్త నెమ్మది." అతని చూపు కంచం మీదే ఉంది. చెవులు ఎర్రబడ్డాయి. "మీ అమ్మాయిని పెళ్ళికి అడిగాను సార్. మేధావితో బతకలేనంది. అందుకని అందరి ముందూ చెప్పేస్తున్నాను."

ఎవరూ నవ్వలేదు. ఆమె ఆ చెవుల వంక చూస్తూ ఉండిపోయింది. మొహంతో ఎవరైనా నటించవచ్చు. చెవులతో ఎవరు నటించగలరు?

నీళ్ళ జగ్గు కింద పెట్టింది.

"అన్నయ్యా, నాకూ అర్థం కాలేదు. మళ్ళీ చెప్పు."

"నీకా? ఎప్పుడూ అడగలేదే!"

"ఇప్పుడు అడుగుతున్నాను."

పెద్దన్నయ్య గొంతు సవరించుకున్నాడు. "అంటే... వడ్డీ పెరిగింది అనుకో. అప్పుడు పాత బాండు... కొత్త బాండు..." తల గోక్కున్నాడు. "తగ్గుతాయంతేనే!"

తండ్రికి నవ్వాగక పొలమారింది. కూతురే నీళ్ళందించింది.

"నాకూ ఎప్పుడూ అర్థం కాలేదమ్మా," అన్నాడాయన కళ్ళు తుడుచుకుంటూ. "అడిగితే కొడుకులు చిన్నచూపు చూస్తారేమోనని ఊరుకున్నాను." ఆ తర్వాత ఛాంపియన్ వైపు తిరిగి, పెద్దరికం తెచ్చిపెట్టుకున్నాడు. "పిల్లవాడు నిజాయితీపరుడు, నాకు నచ్చాడు. కానీ డ్రైవింగ్ స్కూలు అల్లుడికి బండి రాకపోతే పరువేముంటుంది? ముందు లైసెన్సు, తర్వాతే పెళ్ళి."

ఛాంపియన్ మొహం వాడిపోయింది. తన రివర్సు సంగతి తనకు తెలుసు.

అతనికంటే బాగా ఆమెకు తెలుసు.

"నాన్నా!" అంది కంగారుగా. "అయితే నాకీ జన్మలో పెళ్ళి కాదు!"