అధిక ఆషాఢం ఏమన్నా వచ్చిందా?

"ఎవరండీ మీరు? నా గుమ్మంలో ఈ పెట్టెలేంటి?"

"మీ గుమ్మమా? అడ్వాన్స్ ఇచ్చింది నేనండీ!"

జగ్గయ్యపేట పాత బజారులో, వర్తకుల కాలం నాటి మేడ అది. మెట్ల పైన ఉషశ్రీ. కింద వానలో తడుస్తూ భవానీప్రసాద్. మధ్యలో ఒక పరుపు, రెండు సూట్‌కేసులు.

ఇంటాయన వీరరాఘవయ్య గొడుగేసుకుని వచ్చి తగువు తీర్చాడు. మేడ మీది వాటా ప్రసాద్‌కి ఇస్తానన్న మాట నిజమే. అందులో ఉంటున్న ఉషశ్రీకి నందిగామ బ్యాంకుకి బదిలీ అయిన మాటా నిజమే. కానీ ఈలోగా ఆషాఢం వచ్చేసింది.

"శూన్యమాసంలో కొత్త ఇంట్లో దిగకూడదు. ఆ అమ్మాయి నందిగామలో దిగదు, నువ్వు ఇక్కడ దిగవు. శ్రావణం రానీ."

"నేనుండేది గరికపాడులో, హైవే పక్క దాబా హోటల్ మీద గదిలో తాతగారూ. తెల్లార్లూ లారీ హారన్లు. నిద్ర లేదు. ఆ పంచాంగం చించేయాలనిపిస్తోంది!"

"చించెయ్. ఆషాఢం ఆగుతుందేంటి?"

పైనుంచి కిసుక్కున నవ్వు వినిపించింది. ప్రసాద్‌కి ఒళ్ళు మండింది.

అసలు అతను కుదురుగా ఉండే రకం కాదు. సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో ఒక పరీక్ష పూర్తయ్యేలోపు పదిసార్లు లేచి తొంగి చూస్తాడు. అలాంటివాణ్ణి నెల ఆగమంటే ఆగుతాడా? మర్నాడే టేపు పట్టుకుని వచ్చాడు.

"కర్టెన్లకి కొలతలు తీసుకోవాలండీ."

తీసుకున్నాడు. రెండ్రోజులాగి మళ్ళీ వచ్చాడు. ఆ తర్వాత మళ్ళీ.

"ఆ కిటికీ ఏమన్నా పెరుగుతోందా అండీ?" అంది ఉషశ్రీ.

"వానలకి చెక్క ఉబ్బిందేమోనని..."

"ఉబ్బితే తలుపు పట్టదు. కర్టెన్‌కేమైంది? కూర్చోండి, టీ తాగుదురుగాని. ఆ కుర్చీ కరవదులెండి."

అతను నిలబడే తాగాడు. ఆమె ఇల్లంతా తిప్పి చూపించింది. ఏ కిటికీ తీస్తే గాలి వస్తుందో, వాన పడితే ఏ మూల కారుతుందో.

"బిందె సరిగ్గా ఇక్కడ పెట్టాలి. లేకపోతే మీ మంచం తడుస్తుంది."

"మీరు వెళ్ళిపోయాక ఇవన్నీ ఎవరు చెప్తారండీ?"

ఉషశ్రీ మొదటిసారి ఆట పట్టించకుండా అతని వంక చూసి, చప్పున తల తిప్పేసుకుంది. బయట వాన జోరందుకుంది.

ఆ తర్వాత గరికపాడులో అతనికి నిద్ర పట్టకపోవడం లారీల తప్పు కాదు. ఆమె వెళ్తేనే తనకి ఇల్లు. వెళ్ళమని తొందరపెట్టింది తనే. ఇప్పుడు ఆ ఇల్లు తలుచుకుంటేనే దిగులుగా ఉంది.

ఆషాఢం చివర్లో వీరరాఘవయ్య దగ్గరికి పరిగెత్తాడు.

"తాతగారూ, ఈ ఏడు అధిక ఆషాఢం ఏమన్నా వచ్చిందా?"

పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని ఎగాదిగా చూశాడు.

"పంచాంగం చించేస్తానన్నావుగా? అధికం లేదు, ఏం లేదు. శ్రావణ విదియ నాడు పదింటికి పాలు పొంగించు. ఆ అమ్మాయికీ అదే ముహూర్తం. దాటిందంటే వాటా వేరేవాళ్ళకి ఇచ్చేస్తా, అడుగుతున్నారు."

విదియ నాడు పొద్దున్నే ఉషశ్రీ సామాను ట్రాలీ ఆటో ఎక్కింది. ఆమె తాళంచెవి అతని చేతిలో పెట్టి, "ఇల్లు జాగ్రత్తండీ" అంది. వెనక్కి చూడకుండా డ్రైవర్ పక్కన ఎక్కి కూర్చుంది.

ఆటో సందు మలుపు తిరిగింది. ప్రసాద్‌కి మెట్టెక్క బుద్ధి కాలేదు. బైక్ స్టార్ట్ చేసి హైవే మీద ఆటో వెనకే పడ్డాడు. సామాను దించి వచ్చేద్దామని తనకి తానే చెప్పుకున్నాడు.

నందిగామ ఇంట్లో, వత్సవాయి నుంచి ముందే వచ్చిన ఉషశ్రీ వాళ్ళమ్మ గుమ్మానికి పసుపు రాస్తోంది. ప్రసాద్‌ని ఆటో తాలూకు మనిషనుకుంది.

"బాబూ, బీరువా ఆ మూల పెట్టు. కాదు, ఈ మూల. అబ్బ, గోడకి తగిలించకయ్యా!"

అతను కిక్కురుమనకుండా మోశాడు. ఉషశ్రీ తల పక్కకి తిప్పుకుని నవ్వుకుంది.

పొయ్యి మీద పాలు పెట్టారు. అతని ఫోన్ మోగింది.

"ఎక్కడున్నావయ్యా? ముహూర్తం దాటిపోతోంది!"

"నందిగామలో ఉన్నానండీ."

"అయితే వాటా వద్దా?"

ప్రసాద్ ఉషశ్రీ వంక చూశాడు. "ఈవిడ లేకుండా ఆ ఇంట్లో నాకు నిద్ర పట్టదు తాతగారూ. వేరేవాళ్ళకి ఇచ్చేయండి."

ఉషశ్రీ గబగబా వచ్చి ఫోన్ లాక్కుంది.

"ఇవ్వకండి తాతగారూ! ఇంకో ముహూర్తం చూడండి. ఇద్దరం దిగుతాం. ఈ ఆషాఢమంతా నందిగామ బ్యాంకుకి బస్సులోనే తిరిగాగా, నాకు అలవాటే."

అవతల పెద్దాయన నవ్వాడు. "ఇద్దరూ దిగాలంటే ఒక ముహూర్తం చాలదమ్మా, ముందు ఇంకోటి కావాలి. ఫోన్ మీ అమ్మకివ్వు."

వాళ్ళమ్మ చాలాసేపు "ఊ" కొడుతూ వింది. మధ్య మధ్య ప్రసాద్‌ని చూసింది, ఆ తర్వాత కూతుర్ని చూసింది. ఉషశ్రీ తల దించుకుంది గానీ, కాదనలేదు. పాలు పొంగి పొయ్యంతా పారాయి.

ఫోన్ పెట్టేసి ఆవిడ నుదురు కొట్టుకుంది.

"తెలియక బీరువా మోయించాను, ఏమనుకోకు బాబూ. కూర్చో, పాలు తాగుదువుగాని."

ప్రసాద్ కూర్చున్నాడు. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా లేవలేదు.