నాలుగక్షరాల వాన

కోడూరు దాటి హంసలదీవి వైపు వెళ్ళే కాలవగట్టు మీద మూతబడ్డ ఐసు ఫ్యాక్టరీ ఒకటి ఉంది. సరిగ్గా దాని ముందు రోడ్డు కొడవలిలా వంపు తిరుగుతుంది. పొద్దు గూకాక ఆ వంపులో ఎవ్వరూ బండి ఆపరు. చేపల ఆటోల వాళ్ళు అక్కడికి రాగానే పాటలు కట్టేస్తారు... నోళ్ళు కూడా కట్టేసుకుంటారు.

నడివేసవిలో కూడా అక్కడ చలిగాలి కొడుతుందంటారు. ఐసు దిమ్మలు లోడు చేసిన రోజులు ఎప్పుడో పోయాయి. అయినా చలే. చీకట్లో ఏదో స్కూటీ ఇండికేటరు కొట్టుకుంటున్నట్టు — టిక్... టిక్... టిక్... దగ్గరికెళ్తే స్కూటీ ఉండదు. చప్పుడు మాత్రం చెవి పక్కనే ఉంటుందట.

వర్షిణి పోయింది అక్కడే.

ఆ పిల్ల రొయ్యపిల్లల హేచరీలో నీళ్ళు పరీక్ష చేసే ఉద్యోగం చేసేది. డ్యూటీ దిగి స్కూటీ మీద ఇంటికొస్తుంటే ఏదో కారు గుద్దేసి పోయింది. తెల్లారి పాలవాడు చూసేదాకా ఆ పిల్ల కాలవగట్టు మీదే పడి ఉంది. "గుద్దినవాడు ఎత్తుకెళ్ళి ఏ ఆస్పత్రి గుమ్మంలో పడేసినా బతికేదమ్మా," అన్నారు చూసినవాళ్ళు. ఆ ఒక్క మాట, ఆమెని ప్రేమించిన శామ్యూల్ రాజ్ గుండెలో ముల్లులా విరిగి, లోపలే ఉండిపోయింది.

శామ్యూల్‌కి బందరులో కోనేరు సెంటరు దగ్గర చిన్న షాపుంది. డీజిల్ కార్లకి మీటర్లు పెడతాడు. స్టీరింగు కింద సాకెట్టు ఉంటుంది కదా, అందులో చిన్న పెట్టె గుచ్చి, ఎదురుగా అరచేతిలో సగమంత తెర అతికిస్తాడు. కంపెనీవాడు మనకి చూపించని సంగతులన్నీ — ఆయిలు వేడి, టర్బో ఒత్తిడి, పొగ ఫిల్టర్లో పేరుకున్న మసి — ఆ తెర మీదికి రప్పిస్తాడు. ఏ కారుకి ఏది కావాలో అది మనమే రాసుకోవాలి. కారులోని కంప్యూటర్‌ని ఏం అడగాలి, అది చెప్పిన జవాబుని ఎంతతో గుణించాలి, అందులోంచి ఎంత తీసెయ్యాలి... చివర్లో ఆ అంకె పక్కన ఒక పేరు పెట్టాలి. ఇంగ్లీషులో నాలుగే అక్షరాలు. ఐదోది పట్టదు.

వర్షిణి ఒకసారి షాపుకొచ్చి, బల్ల మీదున్న మీటరు చూసి, "నా పేరు పెట్టు చూద్దాం," అంది.

"నీ పేరు పట్టదు. పొడుగు."

"అయితే కురచ చెయ్యి. ఆ మాత్రం చేతకాదా?"

అతను కాసేపు తల గోక్కుని వి, ఏ, ఎన్, ఏ అని కొట్టాడు. వాన.

ఆమె నవ్వింది. తొలకరి చినుకు పడగానే మట్టిలోంచి ఒక వాసన లేస్తుంది చూడండి... ఆ నవ్వు అలా ఉండేదట. ఆ రోజు నుంచి ఆమె అతనికి వాన. అతనికొక్కడికే. ఇంట్లోవాళ్ళకి తెలియని పేరు, స్నేహితులకి చెప్పని పేరు. ఆమె పోయాక దాన్ని ఆ మీటర్లోంచి చెరిపేశాడు. మళ్ళీ ఏ కారులోనూ కొట్టలేదు.

ఎన్నో రాత్రులు ఆ వంపు దగ్గరికెళ్ళి కూర్చున్నాడు. "ఒక్కసారి కనబడవే," అని బతిమాలాడు. దోమలు కుట్టాయి, కప్పలు అరిచాయి. ఆమె రాలేదు. దారిన పోయే ఆటోవాళ్ళందరికీ వినబడే ఆ టిక్కుటిక్కు కూడా అతనికి వినబడలేదు. ప్రేమించినవాడికి మాత్రం కనబడని దెయ్యం! ఆ ఉక్రోషం కూడా పోయి పగలోనే కలిసింది. అక్కడ అతనికి దొరికింది ఒక్కటే — గడ్డిలో, కారు హెడ్‌లైటు అద్దం పెంకు. అది ఎప్పుడూ అతని జేబులోనే ఉండేది.

ఇలా ఉండగా ఒక సాయంత్రం షాపు ముందు జనార్దనరావు కారు ఆగింది.

ఆయనది గుడివాడ. దివిసీమలో రొయ్యల చెరువులున్నాయి. చెరువుగట్ల మీద మెల్లగా నడిచి నడిచి కారు పొగ ఫిల్టరు మాటిమాటికీ మూసుకుపోతోందట. "మసి ఎంతుందో నాకు ముందే తెలిసేలా పెట్టవోయ్," అన్నాడు.

శామ్యూల్ చూపు కారు మొహం మీద ఆగిపోయింది. కుడి లైటు అద్దం ఎండకి పచ్చబడి ముసలి కన్నులా ఉంది. ఎడమది కొత్తగా తళతళలాడుతోంది.

"ఎడమ లైటు మార్పించినట్టున్నారండీ?"

"ఆఁ... గేదె అడ్డొచ్చిందిలే."

జేబులో పెంకు తొడకి గుచ్చుకుంది. ఆయన కిళ్ళీకొట్టు దాకా వెళ్ళినప్పుడు దాన్ని తీసి ఎడమ లైటు పక్కన పెట్టి చూశాడు. అదే వంపు, అవే గీతలు. కానీ ఇలాంటి కార్లు జిల్లాలో ఎన్ని లేవు? పెంకు సాక్ష్యం చెప్పదు. మనిషి చెప్పాలి. తన నోటితో తానే చెప్పాలి... ఆ వంపు దగ్గరే చెప్పాలి.

అడిగినవన్నీ రాశాడు శామ్యూల్. మసి, ఆయిలు, టర్బో. ఆఖర్న అడగనిది ఇంకొకటి రాశాడు. పేరు — సీట్. అది కారుని అడిగేది వేగం. చూపించేది మాత్రం మనిషి బరువులా ఉంటుంది. కారు జోరుగా పోతుంటే సున్నా. జోరు తగ్గే కొద్దీ అంకె పెరగాలి, నలభై ఆరు దగ్గర ఆగిపోవాలి... అలా తిప్పి రాశాడు లెక్క. బందరు బస్టాండులో బరువు మిషనెక్కి, "నలభై ఆరేనా? నేనేమన్నా చీపురుపుల్లనా?" అని వాన మూతి ముడుచుకున్న అంకె అది. ఆ పేజీ మామూలుగా తెర మీదికి రాదు. శామ్యూల్ తన ఫోన్లోంచి నొక్కితేనే వస్తుంది.

"ఒకసారి రోడ్డు మీద నడిపి చూడాలండీ," అన్నాడు.

"నేను చెరువులకే వెళ్తున్నా, ఎక్కు. మావాడెవడో బండి మీద దింపుతాడులే. ఆఁ ఆఁ... ముందు కాదు, వెనక కూర్చో. ముందు సీట్లో మనిషి పడితే చాలు, బెల్టు పెట్టుకునేదాకా టింగుటింగుమని బుర్ర తినేస్తుందీ కారు."

కోడూరు చేరేసరికి బాగా చీకటి పడింది. సత్యవతమ్మ టీకొట్టు దగ్గర ఆగారు. ఆవిడ గ్లాసులందిస్తూ, "చెరువులకేనా బాబూ? ఐసు ఫ్యాక్టరీ మీదుగా మాత్రం వెళ్ళకండి. నిన్న మా మరిది విన్నాడంట ఆ చప్పుడు. ఇంటికొచ్చి దుప్పటి కప్పుకుని పడుకున్నాడు, ఇంతవరకూ లేవలేదు," అంది.

"నేనెప్పుడూ ఆ దారిన పోనులే. చుట్టూ తిరిగే పోతా," అన్నాడు జనార్దనరావు. అనేశాక నాలిక కరుచుకున్నాడు.

బల్ల మీద కూర్చున్న పెద్దాయన కిసుక్కున నవ్వాడు. "అయితే రావుగారికి కూడా భయమేనన్నమాట!"

శామ్యూల్ తల వంచుకుని టీ ఊదుకుంటూ, "పోనీలెండి రావుగారూ. భయమైతే చుట్టే తిరిగి వెళ్దాం," అన్నాడు.

"ఎవడ్రా భయపడేది?" ఆయన గ్లాసు ఠక్కున పెట్టి లేచాడు. "పద, ఆ దారినే పోదాం!"

కారు కాలవగట్టు ఎక్కింది. ఒక పక్క నీళ్ళు... ఇంకో పక్క తుమ్మచెట్ల నలుపు. కాసేపటికి లైట్ల వెలుగులోకి ఐసు ఫ్యాక్టరీ గోడ లేచి నిలబడింది, పళ్ళూడిన నోళ్ళలా కిటికీలేసుకుని.

శామ్యూల్ ఒళ్ళో ఫోను పెట్టుకుని రికార్డింగు నొక్కాడు. తర్వాత పేజీ మార్చాడు.

తెర మీద — సీట్. సున్నా.

వంపు వచ్చింది. ఆయన బ్రేకు తొక్కాడు. ఆరు... పదిహేడు... ముప్ఫై...

"ఏంటోయ్ ఇది? సీట్ అని..."

"పక్క సీట్లో ఉన్న మనిషి బరువండీ."

"పక్కన ఎవరున్నారు?"

నలభై... నలభై ఆరు. అక్కడ ఆగింది.

"ఆడపిల్ల అయుంటుందండీ," అన్నాడు శామ్యూల్, ఊపిరితో అన్నట్టు. "మీకు తెలిసినమ్మాయేమో... చూడండి."

ఆయన చూడలేదు. మెడ తిప్పలేదు. కారు దానంతటదే మెల్లగా జారి ఆగిపోయింది.

"చూళ్ళేదు తల్లీ... చీకటి మలుపు... నువ్వు ఎదురొచ్చావు... నేను దిగాను! దిగాను కదా... నువ్వే నా పాంటు పట్టుకున్నావు... నాకు భయమేసింది. 'వాన అని చెప్పండి, వాన అని చెప్పండి' అన్నావు. ఆ రోజు చినుకైనా లేదు. ఏం చెప్పను? ఎవరికి చెప్పను?... విదిలించుకుని వచ్చేశాను తల్లీ..."

శామ్యూల్‌కి అర్థమైంది. చివరి ఊపిరితో ఆమె పంపిన మాట... తనకే. ఇన్నాళ్ళూ ఈ మనిషి కడుపులో కుళ్ళిపోతూ ఉంది. చేతిలో ఫోను జారి, దాని వెలుగు మొహం మీద పడింది.

ఆయన అద్దంలో చూశాడు. ఫోనూ చూశాడు... ఆ కళ్ళూ చూశాడు.

"ఒరేయ్... నువ్వా?"

ఒక్క ఊపున వెనక్కి తిరిగి ఫోను లాక్కుని, కిటికీ అద్దం దించి విసిరేశాడు. కాలవలో బుడుంగుమంది.

"దెయ్యం లేదు, గియ్యం లేదు! మీటర్లో ఏం పెట్టావురా?"

"వేగం లెక్క," అన్నాడు శామ్యూల్. ఇంక 'అండీ' రాలేదు. "కారు ఆగితే పెరుగుతుంది. జోరుగా పోతే సున్నా అవుతుంది. అంతే. కానీ గుద్దింది నువ్వు. కాళ్ళు పట్టుకుంటే విదిలించింది నువ్వు. ఆమె బతికేది. పద స్టేషనుకి!"

జనార్దనరావు నవ్వాడు. భయం దిగిపోయినవాడి నవ్వు... చాలా అసహ్యమైన నవ్వు. "ఎవడు వింటాడ్రా? నీ సాక్ష్యం నీళ్ళలో ఉంది. చెరువు దగ్గర మావాళ్ళున్నారు. నీ సంగతి వాళ్ళు చూస్తార్లే."

అద్దం పైకెక్కింది. కారు ఎగిరి ముందుకు దూకింది. చెట్లు వెనక్కి పరిగెత్తాయి. శామ్యూల్ పళ్ళు కొరికాడు. ఇంత పగ పెంచుకుని, ఇంత దాకా తీసుకొచ్చి... ఒక్క చేతివిసురుతో అంతా అయిపోయింది. ఓడిపోయాను వానా, అనుకున్నాడు.

అప్పుడు ఆయనే అన్నాడు, మెల్లగా —

"సున్నా అవుతుందన్నావుగా?"

శామ్యూల్ తల ఎత్తాడు. కారు శరవేగంతో పోతోంది. తెర మీద... నలభై ఆరు.

"అవ్వాలి..." అన్నాడు.

"ఆపెయ్ దాన్ని!"

"ఫోను నీళ్ళలో ఉంది."

ఆయన ఒంగి, స్టీరింగు కింద పెట్టెని పీకి కింద పడేశాడు. కరెంటు వచ్చేదే అక్కడి నుంచి. తెర ఆరిపోవాలి.

ఆరలేదు.

సీట్ అన్న అక్షరాలు నీళ్ళు తగిలిన ముగ్గులా చెదిరాయి. ఒక్కొక్కటిగా మళ్ళీ కూడుకున్నాయి. వి... ఏ... ఎన్... ఏ.

"వానేంట్రా..." ఆయన పెదాలు కదిలాయి. "ఆ పిల్ల అన్న మాట... నువ్వే పెట్టావు కదూ? నువ్వే పెట్టావని చెప్పరా!"

"నేను పెట్టలేదు."

టింగ్... టింగ్... టింగ్...

ముందు సీటు. బెల్టు పెట్టుకోమని కారు అడుగుతోంది. ఖాళీ సీటుని అడుగుతోంది.

కారులో చలి నిండింది. మూసిన అద్దాల మధ్య ఏదో వాసన — ఎండిన నేల మీద తొలకరి పడ్డట్టు. బయట ఒక్క చినుకు లేదు.

టింగ్... టింగ్... టింగ్ టింగ్ టింగ్...

"తిప్పుతున్నా తల్లీ... తిప్పేస్తున్నా!" జనార్దనరావు గట్టు మీదే కారు వెనక్కి మళ్ళించాడు. చెమటా కన్నీళ్ళూ కలిసి కారిపోతున్నాయి. "స్టేషనుకే పోదాం... అంతా నేనే చెప్తా... గేదె కాదని చెప్తా... ఒరేయ్ శామ్యూలూ, నీకు దణ్ణం పెడతా, ఆ గంట ఆపమనరా..."

శామ్యూల్‌కి ఆశ్చర్యంగా భయం వెయ్యలేదు. ఎన్ని రాత్రులు బతిమాలాడు... ఇప్పటికి వచ్చింది. తనని చూడ్డానికి కాదు, వీణ్ణి తీసుకుపోవడానికి వచ్చింది. పోనీ, వచ్చింది కదా. వెనక నుంచి ముందుకు ఒంగి, ఎడమ సీటు బెల్టుని లాగి, ఖాళీ సీటు మీదుగా తీసుకొచ్చి, లాకులోకి నొక్కాడు.

క్లిక్.

గంట ఆగిపోయింది.

కారు స్టేషను వైపు సాగింది. ఖాళీ సీటుకి కట్టిన బెల్టు వదులుగా, సీటుకి ఆనుకుని పడి ఉండాలి కదా... అలా లేదు. సీటుకి బెత్తెడు ఎత్తున, గాల్లో, బిగువుగా నిలబడి ఉంది.

దారి పొడుగునా అది మెల్లగా లేస్తోంది... పడుతోంది... లేస్తోంది...

ఊపిరి తీస్తున్నట్టు.