రెండు నిమిషాల మౌనం

శుభాకర్ మెడకి నీలం రంగు నెట్‌వర్క్ కేబుల్ మూడు చుట్లు చుట్టి ఉంది.

2008 నవంబర్ 16, ఆదివారం. ఉదయం 8:10. సీతమ్మధారలో అతని కంప్యూటర్ సెంటర్. తుడవడానికి వచ్చిన గురువమ్మ తలుపు తోసి చూసి, కేకలు పెడుతూ మెట్లు దిగి పరిగెత్తింది.

ఇన్‌స్పెక్టర్ జయశీల వచ్చేసరికి 8:35. టేబుల్ మీద సగం తాగిన టీ. మానిటర్ ఇంకా వెలుగుతోంది. తెర మీద 'తీరం వాకర్స్ క్లబ్'. దాని కింద మూడు చాప్టర్ల అకౌంట్లు: సీతమ్మధార, ఉక్కునగరం, తగరపువలస.

పొద్దున్నే నడిచేవాళ్ళ క్లబ్బు అది. చాప్టర్‌కీ చాప్టర్‌కీ మధ్య పాతిక, ముప్పై కిలోమీటర్ల దూరం. అందరూ ఒకచోట చేరడం కుదరక, వెబ్‌క్యామ్‌లు పెట్టుకుని వీడియో మీటింగులు జరుపుకుందామనుకున్నారు. ఆ అకౌంట్లు తెరిచే పని శుభాకర్ నెత్తినేసుకున్నాడు. ప్రతి చాప్టర్‌కీ వెళ్ళి కేబుల్ లాగాడు, కెమెరా బిగించాడు, అందరికీ ఓపిగ్గా నేర్పాడు. ఈ ఉదయం మొదటి మీటింగ్: సీతమ్మధార వాళ్ళు కమ్యూనిటీ హాల్లో, మిగతా రెండు చాప్టర్ల ప్రెసిడెంట్లు తమ ఇళ్ళ నుంచి. 7 నుంచి 7:40 దాకా. పాపం, అది ముగిసేదాకా కూడా అతన్ని బతకనివ్వలేదు.

7:06కి సీతమ్మధార చాప్టర్ నుంచి గ్రేసీ ఫోన్ చేసింది. సౌండ్ తక్కువగా ఉందంటే ఏ బటన్ నొక్కాలో చెప్పాడు. 7:25కి మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

ఆ పంతొమ్మిది నిమిషాల్లోనే పని అయిపోయింది.

సాయంత్రానికల్లా ఉక్కునగరం చాప్టర్ ప్రెసిడెంట్ గవర్రాజు స్టేషన్లో ఉన్నాడు. స్టీల్ ప్లాంట్‌లో క్రేన్ ఆపరేటర్. మెయిన్ అకౌంట్ సీతమ్మధారకి ఇచ్చారని గురువారం శుభాకర్‌తో గొడవపడ్డాడు. "నీ సంగతి సూత్తాను" అని పదిమందిలో అన్నాడు. పైగా మీటింగ్‌లో తెర మీద ఉక్కునగరం గడి మొదటి నుంచీ ఖాళీ.

"ఎక్కడున్నావ్?"

"పడుకున్నాను మేడమ్. నైట్ షిఫ్ట్ సేసి ఆరింటికి దిగినాను. పాస్‌వర్డ్ కొడితే తీసుకోలేదు. రెండుసార్లు కొట్టి ఇసుగొచ్చి పడుకున్నాను."

"చూసినవాళ్ళు?"

"మా ఆవిడ పుట్టింటికెళ్ళింది. నన్నెవలు సూత్తారు మేడమ్? కోపంలో ఏదో వాగినాను. మనిషిని సంపుతానేటి?" అని భోరుమన్నాడు ఆ ఆరడుగుల మనిషి.

రేపు మధ్యాహ్నం మూడింటికి కోర్టు. ఈలోగా ఇంకేదీ తేలకపోతే గవర్రాజు జైలుకి పోతాడు. ఉద్యోగం ఊడుతుంది. జయశీలకి ఆ ఏడుపు అబద్ధంలా అనిపించలేదు. కానీ అనిపించడం సాక్ష్యం కాదు కదా!

శుభాకర్ డైరీ తెరిచింది. చాప్టర్ల పనులన్నీ వరసగా రాసుకున్నాడు. శుక్రవారం పేజీ: 'తగరపువలస. కొండలరావు గారిల్లు. కేబుల్ కారు షెడ్డులోంచి లాగాను.' దాని కింద ఒకే ఒక్క వాక్యం: 'ఆయన చెప్పకపోతే నేనే గ్రేసీ అక్కకి చెప్పాలి.'

ఏం చెప్పాలి?

జయశీల అతని కంప్యూటర్లో మీటింగ్ లాగ్ తీయించింది. సీతమ్మధార 7:41కి లాగౌట్. తగరపువలస మాత్రం 8:05కి. ఆమె ఆ అంకె కింద గీత గీసింది.

సోమవారం ఉదయం 11 గంటలు. సీతమ్మధార కమ్యూనిటీ హాలు. జయశీల అందరినీ పిలిపించింది. బేడీలతో గవర్రాజు. చంకల కింద కర్రలతో గ్రేసీ. ఆమెకి ఎడమకాలు మోకాలి కింద లేదు. ఆగస్టులో ఒక తెల్లవారుజామున, హైవే పక్కన నడుస్తుంటే ఏదో కారు గుద్ది పోయింది. భర్త డేవిడ్ రాజు అక్కడికక్కడే చనిపోయాడు. ఆ కారు ఇంతవరకూ దొరకలేదు.

గ్రేసీకి కుర్చీ లాగి, జాగ్రత్తగా కూర్చోబెట్టింది తగరపువలస ప్రెసిడెంట్ కొండలరావు. బట్టల వ్యాపారి. తెల్లచొక్కా, మెత్తటి మాట. ఆ చంకకర్రలు కొనిచ్చింది కూడా ఆయనేనట.

"కొండలరావు గారూ, నిన్న మీటింగ్‌లో మీ గొంతు ఎవరూ వినలేదు."

"మైకు పాడైంది మేడమ్. ఆ సంగతి ముందే టైప్ చేసి పెట్టాను. చూస్తూ, వింటూ కూర్చున్నాను."

"మధ్యలో లేవలేదా?"

"లేదండీ. తెర మీద అందరూ నన్ను చూశారు."

అవునన్నట్టు హాల్లో తలలూగాయి.

"7:15కి ఏం జరిగింది?" జయశీల మిగతావాళ్ళని అడిగింది.

"గ్రేసీ గారు రెండు నిమిషాలు మౌనం పాటించమన్నారు. నిన్న డేవిడ్ రాజు గారి పుట్టినరోజు. ముందు అనుకున్నది కాదు, అప్పటికప్పుడు అడిగారు. అందరం లేచి నిలబడ్డాం."

"కళ్ళు?"

"మూసుకున్నాం మేడమ్. మౌనమంటే అంతే కదా!"

"మీరు, కొండలరావు గారూ?"

కొండలరావు గ్రేసీ వైపు చూశాడు. 

"నేనూ నిలబడ్డాను. కళ్ళు మూసుకుని ప్రార్థించాను. డేవిడ్ నాకు తమ్ముడిలాంటివాడు."

గ్రేసీ తలెత్తింది. ఆమె ముఖంలో అనుమానం లేదు. మొహమాటం ఉంది.

"అదేటన్నయ్యా, అలాగంటారు? మీరు లెగలేదు కదా."

హాల్లో తలలన్నీ ఆమె వైపు తిరిగాయి.

"నాను లెగలేను. కళ్ళు మూసుకుంటే ఆయనే కనిపించి ఏడుపొచ్చేత్తంది. అందుకే తెర సూత్తా కూకున్నాను. ఇక్కడ అందరూ నిలబడ్డారు. మీరొక్కలే కూకొని తలూపుతన్నారు. నాకు తోడుగా కూకున్నారనుకున్నాను. సెప్పుకోడం ఇష్టం లేక దాసేత్తన్నారేటి?"

కొండలరావు గుమ్మం వైపు చూశాడు. 

"తోడు కాదు గ్రేసీ గారూ," అంది జయశీల. "ఆ కుర్చీలో మనిషే లేడు."

ఆమె ఒక్కొక్కటే విప్పింది. కెమెరా లేనప్పుడు పాత వీడియో నడిపించి అకౌంట్ టెస్ట్ చేసే పద్ధతి చాప్టర్ల వాళ్ళకి శుభాకరే నేర్పాడు. శనివారం ట్రయల్‌లో తీసిన వీడియోని కొండలరావు మళ్ళీ మళ్ళీ తిరిగేలా పెట్టాడు. మైకు పాడైందన్న మాట టైప్ చేసింది 6:10కి. మోటార్‌సైకిల్ మీద సీతమ్మధార వచ్చాడు. తిరిగి ఇల్లు చేరి కంప్యూటర్ ఆపేసరికి 8:05. అంతా లెక్క ప్రకారమే జరిగింది, ఒక్క మౌనం తప్ప. ట్రయల్ రోజు ఎవరూ మౌనం పాటించలేదు.

"ఎందుకు?" గ్రేసీ అడిగింది. "శుభాకర్ ఏటి సేసినాడు?"

జయశీల ఫోన్ మోగింది. తగరపువలసలో కొండలరావు ఇల్లు సోదా చేస్తున్న ఎస్.ఐ. విని పెట్టేసింది.

"కేబుల్ లాగడానికి శుభాకర్ ఈయన కారు షెడ్డులోకి వెళ్ళాడు. టార్పాలిన్ కింద కారు. ఎడమవైపు హెడ్‌లైట్ పగిలి, బానెట్ సొట్టపడి ఉంది. డేవిడ్ రాజు గారి చొక్కా గుడ్డపేలిక ఇంకా అందులోనే ఇరుక్కుని ఉందట."



"ఆదివారం మీటింగ్‌లో అందరి ముందూ నన్నే చెప్పెయ్యమన్నాడు," కొండలరావు నేలకేసి చూస్తూ గొణిగాడు. "రెండు రోజులు గడువిచ్చాడు. కాళ్ళు పట్టుకున్నాను. వినలేదు."

గ్రేసీ కర్రల మీద బరువు మోపి పైకి లేచింది. ఎవరో పట్టుకోబోతే వద్దంది.

"ఇప్పుడు లెగు," అంది.

కొండలరావు లేచి నిలబడ్డాడు. కానిస్టేబుల్ గవర్రాజు చేతులకున్న బేడీలు విప్పి ఆయన చేతులకి వేశాడు.

గ్రేసీ చంకల కింది కర్రలు ఒక్కొక్కటిగా వదిలేసింది. రెండూ నేల మీద పడ్డాయి. ఆమె తూలిపోయేలోగా గవర్రాజు ఒక్క అంగలో వచ్చి పట్టుకున్నాడు.

"అవి నాకొద్దు," అందామె ఏడుస్తూ.

"వద్దులే అక్కా. నా బుజం పట్టుకో."

ఇద్దరూ గుమ్మం వైపు నడిచారు. చాలా నెమ్మదిగా.