కాపడానికి పోయిన ఇటుక

వనజకు ఈ లోకంలో అన్నింటికన్నా పెద్ద భయం ఒకటే. కూతురు యశోద కడుపులో ఉన్నప్పుడు తను తాగిన తొట్టెలవాగు నీళ్ళు పిల్ల ఒంట్లో ఏం చేసి పెట్టాయోనని.

పిల్లకు నాలుగేళ్ళు. మేకపిల్లలతో పోటీపడి గెంతుతుంది. అయినా వనజ పొద్దున లేవగానే దాని నాలుక చూస్తుంది, కంటి కింది రెప్ప లాగి చూస్తుంది, గోళ్ళు చూస్తుంది. పిల్ల దగ్గిందంటే ఆ పూట పొయ్యి మీద అన్నం మాడినట్టే.

వాగుకు ఎగువన ఒకప్పుడు రాళ్ళు పరీక్షించే షెడ్డు ఒకటి ఉండేది. అది మూతపడ్డాక డ్రమ్ములు వాగులోకి దొర్లాయి. వాటిలో కంటికి కనిపించని కిరణాలు ఉండేవని ములకలపల్లి సంతలో ఎవరో అన్నారు. అన్నవాళ్ళు కూరగాయలు కొనుక్కుని వెళ్ళిపోయారు. వనజకు మాత్రం నిద్ర కరువైంది. భర్త నాగరాజు పిల్ల పుట్టకముందే పిడుగుపాటుకు పోయాడు. ఇంట్లో ఉన్నది తను, పిల్ల, అత్త ఎర్రమ్మ.

అది 2006 వానాకాలం. "హైదరాబాదు నుంచి పోతయ్య సారు వస్తుండట, వాగు సంగతి తేలుస్తడట" అని కబురొచ్చింది. పోతయ్య అంటే ముసలాయనే అయి ఉంటాడని, పళ్ళు ఉన్నాయో లేవోనని, ఎర్రమ్మ మెత్తగా జావ కాచి పెట్టింది.

వచ్చినవాడికి ముప్పై కూడా లేవు. జీన్స్ ప్యాంటు, వీపున పెద్ద బ్యాగు, జుట్టు నుంచి కారుతున్న వాన.

"పోతయ్య సారు ఏడి? నువ్వు డ్రైవర్‌వా?" అంది వనజ.

"నేనే పోతయ్యని. మా తాత పేరు పెట్టిండ్రు. మాది టేకులపల్లి దగ్గర."

"మీ తాతనే పంపితే బాగుండు. జావ అక్కరకొచ్చేది."

"జావ నేను తాగనా ఏంది?"

తాగాడు. రెండో గిన్నె కూడా అడిగి తాగాడు. ఎర్రమ్మకు అక్కడే నచ్చేశాడు. వనజకు అనుమానం వచ్చింది, సైంటిస్టులు ఇంత ఆకలిగా ఉంటారా అని.

ఆ అనుమానం కాసేపట్లో ఇంకా పెరిగింది. మనిషి వాగు వైపే పోడు. ఇంటి చుట్టూ తిరుగుతూ గోడల మీద వేలితో కొట్టి చూస్తున్నాడు.

"నీళ్ళు వాగుల ఉంటే గోడల చుట్టు తిరుగుతవేంది సారూ?"

"ఇయ్యాల్టి నీళ్ళు ఇయ్యాల్టి ముచ్చటే చెప్తయి. నాలుగేండ్ల కింది ముచ్చట ఇటుకనే చెప్పాలె."

"ఇటుకకు నోరుందా?"

"జ్ఞాపకం ఉంది. బట్టీల కాలినప్పుడు దాంట్లున్న ఇసుక రేణువులు పాతదంతా మర్చిపోతయి. ఇంక అప్పటి నుంచి ఎన్ని కిరణాలు తగిల్తే అన్నీ లోపల దాచుకుంటయి. ల్యాబ్‌ల మళ్ళ వేడి చేస్తే ఆ దాచుకున్నదంతా వెలుగై బయటికొస్తది. ఎంత వెలుగొస్తే అంత డోసు తగిలినట్టు."

'జ్ఞాపకం ఉంది' తర్వాతి మాటలేవీ వనజ చెవిన పడలేదు. సరిగ్గా అప్పుడే యశోద దగ్గింది.

వాగు వైపు ఉన్న ఇంటి గోడకు పోతయ్య ఉలి ఆనించబోతే ఎర్రమ్మ అడ్డం వచ్చింది. "ఇంటి గోడను ఇంటోళ్ళు తప్ప పరాయోళ్ళు పగలగొట్టొద్దు కొడుకా. మాకు పట్టింపు. గా కొట్టం మూలకున్నది తీస్కో."

కొట్టమంతా మట్టిగోడే. మూలన మాత్రం వాగుకు ఎదురుగా పాత ఇటుక ఒకటుంది. పోతయ్య పొద్దుగూకే దాకా ఆగాడు. తాటిపత్రి పట్టా కప్పుకుని, ఎర్ర టార్చి వేసుకుని, దాన్ని మెల్లగా ఊడదీసి నల్లగుడ్డలో చుట్టాడు.

"వెలుతురు తగలొద్దు" అన్నాడు.

"ఇటుకనా, బాలింతనా? గింత జాగ్రత్తేంది!" అంది వనజ. కానీ ఆ మూటను పొయ్యి గదిలో, వాన పడని చోట, తనే భద్రంగా పెట్టింది. అందులో తన బిడ్డ సంగతి ఉంది మరి.

మర్నాడు వాగు ఒడ్డున పాకుడు రాయి మీద పోతయ్య కాలు జారి, నడుము పట్టేసింది. నలుగురు మోసుకొచ్చి మంచం మీద బోర్లా పడేశారు. వాగు పొంగింది, బస్సు రాదు. "ఇటుక కాల్చి నడుముకు కాపడం పెట్టు పిల్లా" అని ఎర్రమ్మ పురమాయించింది.

వనజ ఇటుకల కోసం పెరడంతా వెతికింది. అన్నీ నానిన అరకాల్పు ఇటుకలు, నిప్పుల్లో పెడితే పగిలిపోయేవే. గట్టి ఇటుక ఇంట్లో ఒక్కటే ఉంది. సారు అంత జాగ్రత్తగా చుట్టిపెట్టిన ఇటుక, ఉత్తదై ఉండదు కదా! బట్టీలో ఒకసారి కాలినదే, ఇంకోసారి కాలితే ఏం పోతుంది అనుకుంది. నిప్పుల్లో బాగా కాల్చి, మళ్ళీ ఆ నల్లగుడ్డలోనే చుట్టి, నడుము మీద పెట్టింది.

"అబ్బ... ప్రాణం లేచొచ్చింది" అన్నాడు పోతయ్య దిండులో మొహం పెట్టుకుని.

"కాల్తుందా సారూ?"

"కాలనీ."

ఆ రోజూ ఆ మర్నాడూ కూడా కాపడం సాగింది. ఆయన హైదరాబాదు హాస్టల్ పప్పు సంగతులు చెప్పేవాడు, ఆమె నవ్వేది. ఆమె నవ్వితే ఆయనకు నడుము ఇంకాస్త నొప్పిపుట్టేది.

వాగు తగ్గిన రోజు పోతయ్య బ్యాగు సర్దుకున్నాడు. "వనజా, నా శాంపిల్ ఏడుంది?"

"గిదే కద సారూ" అని అందించింది. ఇంకా వెచ్చగానే ఉంది.

పోతయ్య మూట పట్టుకున్నాడు. మూట వంక చూశాడు. తన నడుము తడుముకున్నాడు.

"దీన్నేనా... నాకు..."

"అవ్. గట్టిదని."

పోతయ్య మంచం మీద కూలబడ్డాడు. కాలిస్తే ఇటుక అన్నీ మర్చిపోతుందని, ఇప్పుడిది సున్నా అని, ఈసారి నెమ్మదిగా, పిల్ల దగ్గకుండా చూసుకుని చెప్పాడు.

"నా బిడ్డ ముచ్చట నేనే నిప్పుల పెట్టుకున్ననా?" అని వనజ గడప మీద కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏడ్వకు. ఇంటి గోడకు ఇంకా ఉన్నయి కద. ఒక్కటి దొరికితే చాలు."

ఎర్రమ్మ వాకిట్లోంచే అంది. "ఒకపారి చెప్పిన కద కొడుకా. పరాయోళ్ళు ముట్టొద్దు. ఇంటోడివైతే గోడంత పీక్కో."

కోడి ఒకటి లోపలికొచ్చి, పరిస్థితి చూసి, తిరిగి వెళ్ళిపోయింది.

"ఇంటోడినైతా" అన్నాడు పోతయ్య.

వనజ చప్పున లేచింది. "ఇటుక కోసం మనువాడ్తవా? సిగ్గులేదా సారూ నీకు?"

"ఇటుక కోసం కాదు! నా నడుము మొదటి రోజు సాయంత్రానికే తగ్గింది. మరి మంచం ఎందుకు దిగలేదనుకున్నవ్?"

"అంటే నాతోని ఉత్తగనే ఇటుకలు కాల్పిస్తున్నవా!"

"నాకు మొదాలే ఎరుక" అంది ఎర్రమ్మ. "నడుము విరిగినోడు పిల్లను సంకనేస్కొని బిస్కెట్ల కోసం దుకాణం దాంక ఉరుకుతడా? నేనే చూడనట్టున్న. ఓ పిల్లా, మనోళ్ళల్ల మారుమనువు తప్పు కాదు. నా కొడుకు పోయిన కాడికెళ్ళి నువ్వు గట్టిగ నవ్వంగ గీ నాలుగొద్దులే ఇన్న."

వనజ తల తిప్పుకుంది. గోడతో మాట్లాడినట్టు అంది. "పిల్లకు ఏమన్న ఉన్నదని తేలితే?"

"తేలితే ముగ్గురం దవాఖానకు పోదాం. తేలకపోతే ముగ్గురం సంతకు పోదాం" అన్నాడు పోతయ్య.

వనజ లోపలికి వెళ్ళి గునపం తెచ్చి అతని చేతిలో పెట్టింది. ఎర్రమ్మ అతని నుదుట బొట్టు పెట్టింది.

ఆ సాయంత్రం తాటిపత్రి కింద పోతయ్య తవ్వాడు, వనజ ఎర్ర టార్చి పట్టుకుంది. టార్చి గోడ మీద కంటే ఆయన మొహం మీదే ఎక్కువసేపు ఉంది. "వెలుతురు ఇటుక మీద" అన్నాడు ఆయన. "చూస్తున్నగా" అంది ఆమె. ఇద్దరి మధ్య నుంచి యశోద తల దూర్చి, "అమ్మా, సారు తవ్వుడు ఆపిండు" అని చాడీ చెప్పింది.

దసరా దాటాక పోతయ్య ల్యాబ్‌లో తేలిన లెక్కతో తిరిగొచ్చాడు. ఫోన్‌లో చెప్పొచ్చు, కానీ ఆమె నమ్మదని తెలుసు.

"ఈ కొండరాళ్ళల్ల పుట్టుకతోనే ఉండే కిరణాలే ఇటుకకు తగిలినయి. వాగు నుంచి తగిలింది ఏమీ లేదు. పిల్లకు ఏమీ కాలేదు."

"మళ్ళ చెప్పు."

చెప్పాడు.

"నన్ను చూసి చెప్పు."

ఆమెను చూస్తూ చెప్పాడు. వనజ పిల్లను దగ్గరికి లాక్కుని, అలవాటుగా నాలుక చూసి, ఎర్రగా ఉన్న ఆ నాలుకను చూస్తూనే భోరున ఏడ్చేసింది. తర్వాత ముగ్గురూ సంతకు పోయారు.

ఇప్పుడు వాళ్ళు ములకలపల్లిలో ఇల్లు కిరాయికి తీసుకుని ఉంటున్నారు, ఎర్రమ్మ మేకలతో సహా. వనజ పిల్ల నాలుక చూడడం మానేసింది. భయం పోయిందా అంటే, పిల్ల మీది నుంచి లేచి మొగుడి మీదికి చేరింది. పోతయ్య మొన్న చర్ల అవతలి ఊళ్ళకు ఇటుకల కోసం పోయాడు. అక్కడ సిగ్నల్ ఉండదు, రోడ్డు ఉండదు, పైగా వాన. మీలో ఎవరైనా అటు పోతుంటే, గోడలు తట్టుకుంటూ తిరిగే సన్నటి మనిషి కనిపిస్తే, ఒక్కసారి ఆపి తిన్నాడో లేదో అడగండి. రోడ్డెక్కాక ఇంటికి ఫోన్ కొట్టమని చెప్పండి. వనజ అడగమన్నదని మాత్రం అనకండి.